ప్రేగులలోని నేస్తాలు: మేలుచేసే సూక్ష్మజీవులు – రోగనిరోధక శక్తి

(ఒడిశాలోని మన తెలుగు మాధ్యమ పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, ఆరోగ్య విజ్ఞాన సభయందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఉత్సవ సమయంలో ప్రేగుల గురించి, వాటిలోని సూక్ష్మజీవుల గురించి మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి రెండు కారణాలున్నాయి. నవజాత శిశువుల ప్రాణరక్షణకు సంబంధించి ప్రపంచ వైద్యుల దృష్టిని ఆకర్షించిన ఒక పెద్ద పరిశోధన మనం నివసిస్తున్న ఈ ఒడిశా పల్లెలలోనే జరిగింది. ఇది మొదటి కారణం. ‘ప్రోబయాటిక్’ అనే పేరుతో పొడులు, మాత్రలు, పానీయాలు నేడు ప్రతి మందుల దుకాణంలోనూ కనిపిస్తున్నాయి. వీటిలో విజ్ఞానమెంత, వ్యాపారమెంత అని విడదీసి చూడగల వివేకం తల్లిదండ్రులకు అవసరం. ఇది రెండవ కారణం.

మన ఇళ్ళలో రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు పెరుగుతో తోడు పెడతాము. తెల్లవారేసరికి పాలు పెరుగవుతాయి. ఆ చెంచాడులోని కోట్లాది సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చడమే ఇందుకు కారణం. సూక్ష్మదర్శిని పుట్టకముందే మన పెద్దలు దానికి ‘తోడు’ అని పేరు పెట్టడం ఎంత ఔచితీమంతం! మన చద్దన్నం, తరవాణి, మన ఒడియా సోదరుల పఖాళ కూడా ఇటువంటి పులియబెట్టే విద్యకు చెందినవే.

ఈ అనుభవానికి శాస్త్రచర్చలో స్థానం కల్పించినవారు పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఇల్యా మెచ్నికాఫ్. శరీరంలోని భక్షక కణాలు రోగక్రిములను మ్రింగివేస్తాయని కనుగొన్నందుకు 1908లో పాల్ ఎర్లిఖ్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. పులిసిన పాలలోని సూక్ష్మజీవులు వృద్ధాప్యాన్ని ఆలస్యం చేస్తాయని 1907లో ప్రకటించిన గ్రంథంలో ఆయన వాదించారు. అంతకు రెండేళ్ళు ముందుగా, 1905లో, స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువ వైద్యుడు తమ దేశపు పెరుగులోని బాక్టీరియాను గుర్తించాడు. 1930లో జపానులో మినొరు షిరోటా ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని వేరుచేయగా, 1935 నుండి అది పానీయ రూపంలో అమ్మకానికి వచ్చింది. పెరుగు తిన్నవారు నూరేళ్ళు బ్రతుకుతారన్న మాట నేటికీ ఋజువు కాలేదు. అయితే, సూక్ష్మజీవులన్నీ శత్రువులు కావన్న మెచ్నికాఫ్ మూలభావన మాత్రం నిలిచింది.

ఇక ప్రేగుల వైపు చూద్దాం. సగటు మనిషి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో ప్రచురితమైన ఒక అంచనా తెలిపింది. ఇది ఇంచుమించు మన స్వంత కణాల సంఖ్యకు సమానం. వీటిలో అత్యధిక భాగం పెద్దప్రేగులోనే నివసిస్తాయి. మడతలు, చూచుకాలు విప్పి పరచినట్లు భావిస్తే జీర్ణనాళపు లోపలి ఉపరితలం సుమారు 32 చదరపు మీటర్లు. అంటే ఒక చిన్న తరగతి గది నేలంత. ఇంత విశాలమైన సరిహద్దులో అసంఖ్యాకమైన సూక్ష్మజీవులకూ మన రక్తమాంసాలకూ మధ్య ఉన్నది కణాల ఒకే ఒక వరుస, దానిమీద జిగురువంటి శ్లేష్మపు పూత. రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో ఆ సరిహద్దు వెంబడి కాపలా కాయడంలో ఆశ్చర్యమేమున్నది?

ఈ కాపలాదారుల బాధ్యత సులభమైనది కాదు. నోటి ద్వారా వచ్చే ప్రతిదానితోనూ యుద్ధానికి దిగితే మనం తిన్న అన్నమే మనకు శత్రువవుతుంది. ప్రేగులు నిరంతరం వాపుతో బాధపడతాయి. ఏమరుపాటుగా ఉంటే కలరా, టైఫాయిడ్ క్రిములు లోపలికి చొరబడతాయి. కనుక ఎవరిని సహించాలో, ఎవరిని ఎదిరించాలో ఈ వ్యవస్థ నేర్చుకోవలసి ఉన్నది. చిన్నప్రేగు గోడలో పేయర్ గుచ్ఛాలనే లసికా కేంద్రాలున్నాయి. వాటి పైకప్పులోని ప్రత్యేక కణాలు ప్రేగులోని సూక్ష్మజీవుల నమూనాలను లోనికి చేరవేస్తాయి. శాఖలు కలిగిన డెండ్రిటిక్ కణాలు ఆ నమూనాలను లింఫోసైట్లకు చూపిస్తాయి. అక్కడ తర్ఫీదు పొందిన కణాలు ఐ.జి.ఏ. అనే ప్రతిరక్షకాన్ని దినమూ కొన్ని గ్రాముల మేరకు ప్రేగులోనికి స్రవిస్తాయి. అది క్రిములకు అంటుకొని, అవి గోడను తాకకుండా అడ్డుపడుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, పేయర్ గుచ్ఛాలు మన రోగనిరోధక వ్యవస్థకు ప్రాథమిక పాఠశాలలు.

ఆ పాఠశాలలో ఉపాధ్యాయులెవరు? ప్రేగులలోని సూక్ష్మజీవులే. ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలలో పేయర్ గుచ్ఛాలు చిన్నవిగా ఉండిపోతాయి, ఐ.జి.ఏ. బాగా తగ్గిపోతుంది. వాటికి సాధారణ బాక్టీరియాను అందించగానే ఈ లోపం చాలావరకు సవరించబడుతుంది.

తగిన పరిమాణంలో స్వీకరించినప్పుడు ఆరోగ్యానికి మేలు కలిగించే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్‌లని 2001లో ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్వచించారు. ఇవి ప్రధానంగా మూడు విధాల పనిచేస్తాయి. మొదటిది, స్థలం కోసం పోటీ. ఇవి ఆహారాన్ని, చోటును ఆక్రమించి, ఆమ్లాన్ని, క్రిమినాశక పదార్థాలను విడుదల చేసి రోగక్రిములను ఎదగనివ్వవు. రెండవది, గోడ పటిష్ఠత. కొన్ని రకాలు శ్లేష్మపు ఉత్పత్తిని పెంచి, కణాల మధ్యనున్న బంధాలను బిగిస్తాయి. మూడవది, శిక్షణ. వీటి పైపొరలోని అణువులను డెండ్రిటిక్ కణాలు గుర్తుపట్టి, సందర్భాన్ని బట్టి ఐ.జి.ఏ. ఉత్పత్తిని ప్రోత్సహిస్తాయి, లేదా అనవసరపు వాపును అణచే నియంత్రక కణాలను తయారు చేస్తాయి.

ఇక్కడ మన భోజనానికీ పాత్ర ఉన్నది. మనం జీర్ణించుకోలేని పీచుపదార్థాన్ని పెద్దప్రేగులోని బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారు చేస్తాయి. పెద్దప్రేగు కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. బ్యుటిరేట్ ఈ నియంత్రక కణాల సంఖ్యను పెంచుతుందని 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు నిరూపించాయి. కనుక ఆకుకూరలు, పప్పుదినుసులు, చిరుధాన్యాలు తినేవారు తాము తినడమే కాదు, లోపలి అతిథులకు కూడా వడ్డిస్తున్నారన్నమాట.

ఇప్పుడు ఒడిశా పరిశోధన సంగతి. నవజాత శిశువులకు రక్తంలో క్రిములు చేరి కలిగే సెప్సిస్ వ్యాధి మన దేశంలో అనేకమంది పసికందులను బలిగొన్నది. పినాకి పాణిగ్రాహి అనే వైద్య శాస్త్రవేత్త నాయకత్వంలో 149 ఒడిశా గ్రామాలలో 4,556 మంది శిశువులపై ఒక ప్రయోగం జరిగింది. ఫలితాలు 2017లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. వీరంతా కనీసం 2 కిలోల బరువుతో పుట్టి, తల్లిపాలు త్రాగుతున్న శిశువులు. సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాను, దానికి ఆహారమైన ఒక చక్కెర పదార్థంతో కలిపి ఏడు రోజులపాటు ఇచ్చారు. తక్కిన సగానికి మందులేని పొడి ఇచ్చారు. రెండు నెలలు గమనించగా సెప్సిస్ లేదా మరణం సంభవించినవారు మందులేని వర్గంలో నూటికి 9 మంది. బాక్టీరియా పొందిన వర్గంలో 5.4 మంది. అంటే 40 శాతం తగ్గుదల. శ్వాసకోశ వ్యాధులు సైతం తగ్గాయి. ప్రేగులలో వేసిన విత్తనం ఊపిరితిత్తులకు కూడా రక్ష కావడం గమనించదగినది. మేలు స్పష్టంగా కనిపించడంతో ప్రయోగాన్ని అనుకున్న సంఖ్య చేరకముందే ముగించారు.

అయితే ఈ ఒక్క విజయాన్ని చూపి దుకాణంలోని ప్రతి పొట్లాన్నీ సంజీవని అనుకోరాదు. ఒక రకం బాక్టీరియా చేసే మేలు మరొకటి చేయదు. అమెరికాలో వాంతులు, విరేచనాలతో వచ్చిన 971 మంది పిల్లలపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. బహుళ ప్రచారంలో ఉన్న ఒక లాక్టోబాసిల్లస్ రకం వారికి ఏ ప్రయోజనమూ కలిగించలేదు. అదే ఏడాది ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఒక చిన్న పరిశోధనలో, యాంటీబయాటిక్‌ల తరువాత ప్రోబయాటిక్ మాత్రలు వాడినవారిలో సహజ సూక్ష్మజీవులు తిరిగి కుదురుకోవడం ఆలస్యమయింది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఇటువంటి ఉత్పత్తులు ఇవ్వడంలో ప్రాణాపాయం ఉండవచ్చునని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారికి మిత్రుడే శత్రువు కావచ్చును. కనుక శిశువులకు, తీవ్ర రోగులకు వైద్యుని సలహా లేకుండా వీటిని ఇవ్వరాదు.

మరి మన పెరుగు మాటేమిటి? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు దానిని చిన్నచూపు చూడనవసరం లేదు. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు సరిపడుతుంది. అందులోని బాక్టీరియా పాల చక్కెరను కొంతమేర ముందే జీర్ణం చేయడమే కారణం. అయితే ఇంటింటి తోడులో బాక్టీరియా వేరువేరుగా ఉంటాయి కాబట్టి, ఫలానా రోగానికి పెరుగు మందు అనడానికి వీలులేదు. పెరుగు మంచి ఆహారం. ఆ గౌరవం దానికి చాలు.

తల్లిదండ్రులకు నా విన్నపాలు నాలుగు. బిడ్డ పుట్టిన గంటలోగా ముర్రుపాలు పట్టించండి. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వండి. ముర్రుపాలలో ఐ.జి.ఏ. సమృద్ధిగా ఉంటుంది, తల్లిపాలలో శిశువు జీర్ణించుకోలేని కొన్ని చక్కెరలు కేవలం మేలుచేసే బిఫిడో బాక్టీరియా కోసమే ఉన్నట్లుంటాయి. రెండవది, జలుబుకు, దగ్గుకు యాంటీబయాటిక్‌లు స్వయంగా కొని వాడకండి. అవి శత్రువుతోపాటు మిత్రులనూ హతమారుస్తాయి. వైద్యుడు వ్రాసి ఇచ్చినప్పుడు మాత్రం చెప్పినంతకాలం వాడండి. మూడవది, విరేచనాలైనప్పుడు మొదటి మందు ఓ.ఆర్.ఎస్. ద్రావణం, దానితో వైద్యుడు చెప్పిన మేరకు జింకు. పొట్లంలోని బాక్టీరియా కోసం వెదకుతూ ద్రావణాన్ని ఆలస్యం చేయడం ప్రాణాంతకం. నాలుగవది, శుభ్రమైన నీరు, చేతులు కడుగుకొనే అలవాటు. మిత్రులను ఆహ్వానించడమంటే శత్రువులకు తలుపు తెరవడం కాదు.

విద్యార్థులారా! మీ ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ఉన్నది. మీ వంటింట్లో పెరుగు ఉన్నది. ఒక చుక్కను గాజుపలకపై పలుచగా పరచి, మీ గురువుల సాయంతో రంగు వేసి చూడండి. కడ్డీలవలె కొన్ని, గొలుసుగా గ్రుచ్చిన పూసలవలె కొన్ని మీకు కనిపిస్తాయి. చూచినదానిని మీ మాతృభాషలో వ్రాయండి. ఇంటి భాష తెలుగు, ఇరుగుపొరుగు భాష ఒడియా అయిన ఈ గడ్డమీద డెబ్బది ఐదేళ్ళుగా ఈ పాఠశాల శాస్త్రాన్ని తెలుగులో బోధిస్తూ వచ్చింది. ఈ రాష్ట్రపు పల్లెలలో లభించిన జ్ఞానాన్ని మన భాషలో మన తల్లులకు చేరవేయవలసిన బాధ్యత ఇక మీది.