లేదని రాయగల ధైర్యం

పట్టాలు అందుకున్న విద్యార్థులారా, మీకు హృదయపూర్వక అభినందనలు.

అల్లవరంలో బావి తవ్వితే రాయి తగలదు. ఇక్కడి నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. భూమి వయసుతో పోలిస్తే నిన్నమొన్నటి మట్టి. ఈ నేల మీద పెరిగిన మీకు ఈరోజు అతి పురాతనమైన రాళ్ల గురించి, వాటిలో రాగిని వెతికే పని గురించి చెప్తాను. ఆ పని నేర్పే ఒక నీతి మీరు ఏ వృత్తిలోకి వెళ్లినా అవసరపడుతుంది.

పల్నాడులో, వినుకొండ ప్రాంతంలో అగ్నిగుండాల ఉంది. అక్కడి శిలలు కడప బేసిన్‌కు చెందినవి, వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. భూమి మీద చేపా చెట్టూ పుట్టకముందు నీటి అడుగున పేరుకున్న మట్టి, ఇసుక, సున్నమే అలా రాళ్లయ్యాయి. నల్లకొండ, ధూకొండల్లో రాగి, బండ్లమోటులో సీసం బయటపడ్డాయి. కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ రాసిన గ్రంథం 1872లో అచ్చయింది. ఆ శిలల్ని చదివేవాళ్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు.

భూమి పైపొరలో టన్ను రాతికి రాగి సగటున 60 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. గని నడవాలంటే సాధారణంగా నాలుగైదు కిలోలైనా ఉండాలి. అంటే ప్రకృతి దాన్ని ఒకచోట పోగేసి ఉండాలి. వేడి ఉప్పునీరు రాతి పగుళ్ల వెంట లోహాన్ని మోసుకొచ్చి, గంధకం దొరికిన చోట దించిపోతుంది. ఆ చోటు కోసం వాగుల్లోని ఇసుకను పరీక్షిస్తారు. రాతి మీద ఆకుపచ్చ మరకలు, తుప్పు రంగు పొరలు వెతుకుతారు. నేలలోకి కరెంటు పంపి కొలతలు తీస్తారు. చివరికి డ్రిల్లు దింపి, పైకొచ్చిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరుసగా పేర్చి, మీటరు మీటరుకూ ఏముందో రాస్తారు.

చాలా బోర్లలో రాగి ఉండదు. మనిషికి అసలు పరీక్ష అక్కడే. డబ్బు ఖర్చయింది, పైవాళ్లు మంచి కబురు కోసం ఎదురుచూస్తున్నారు. అయినా "లేదు" అని రాయాలి. ఆ బోరు వృథా కాదు. ఖనిజం ఎక్కడ ఆగిందో చెప్పేది అదే. ఖాళీ బోర్లు లేకుండా నిక్షేపానికి హద్దు గీయలేం, నిల్వ లెక్క కట్టలేం.

లేనిది ఉందని రాస్తే ఏమవుతుందో చూడండి. ఇండొనేషియాలోని బుసాంగ్‌లో బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ నమూనాల్లో బయటి బంగారం కలిపారని 1997లో తేలింది. కంపెనీ కుప్పకూలింది, ఎందరో పొదుపు సొమ్ము పోగొట్టుకున్నారు. ఆ దెబ్బతో కెనడా 2001లో ఖనిజ నివేదికలకు కఠినమైన నిబంధనలు తెచ్చింది. నిబంధన తర్వాత వచ్చింది. ముందు ఉండాల్సింది రాసే చేతిలో నిజాయితీ.

2023లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో రాగి కూడా ఉంది. విద్యుత్ వాహనాలకు, సౌర విద్యుత్తుకు అది కావాలి. పాత నిక్షేపాలను మళ్లీ పరిశీలించేవారు మొదట తెరిచేది దశాబ్దాల కిందటి డ్రిల్లింగ్ రికార్డులనే. ఆనాటి ఉద్యోగి ఎండలో కూర్చుని రాసిన ఒక్కో అంకెను, ముఖమైనా చూడని ఈనాటి యువకులు నమ్మాలి.

మీలో కొందరు ఓడలరేవు గ్యాస్ టెర్మినల్‌లో పనిచేయవచ్చు. కొందరు వంతెనలు కడతారు, కొందరు సాఫ్ట్‌వేర్ రాస్తారు. పరీక్షలో సిమెంటు నిలవకపోతే నిలవలేదనే రాయండి. ప్రోగ్రాం తప్పితే తప్పిందనే చెప్పండి. రేపు మీ కింద పనిచేసేవాళ్లు చేదు కబురు తెస్తే కసురుకోకండి. నిజం చెప్పినందుకు వాళ్లను మెచ్చుకోండి.

మీరు సంతకం పెట్టిన ప్రతి కాగితాన్నీ నమ్మి ఎవరో ఒకరు అడుగు వేస్తారు. ఆ నమ్మకానికి తగినట్టుగా రాయండి.