చీటీ వెంట ఎవరు నడుస్తారు?



రుద్రంగి పక్క తండాలో ఒక ఆడకూతురికి నొప్పులు మొదలయ్యాయనుకుందాం. రాత్రి పది దాటింది. ఆశ వర్కర్ వచ్చింది, 108కి ఫోన్ కొట్టింది. ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే మాట: బండి ఎటు పోతుంది? కోరుట్లకా, వేములవాడకా, సిరిసిల్లకా? 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, పాత కరీంనగర్ జిల్లా విడిపోయింది. కోరుట్ల జగిత్యాల జిల్లాకు పోయింది. రుద్రంగి కొత్త మండలమై రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది. అంతకుముందు ఈ మూడు దిక్కులకూ వైద్యశాఖ జిల్లా అధికారి ఒక్కరే, కరీంనగర్‌లో. ఇప్పుడు అదే రోడ్డు మీద కాస్త ముందుకు పోతే అధికారి మారిపోతారు, రిజిస్టరు మారిపోతుంది. నొప్పులు పడుతున్న పిల్లకు ఆ గీతతో ఏం పని?

ప్రాంతీయ వైద్య వ్యవస్థకు నాయకులెవరని అడిగితే కలెక్టరేట్‌లో బోర్డు మీది పేర్లు చూపిస్తారు. ఆ పేర్ల వెనక మూడు గుమ్మాలున్నాయి. సబ్‌సెంటర్, పీహెచ్‌సీ, వాటిలో పనిచేసే ఏఎన్ఎంలు, ఊళ్లలో ఆశలు జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కింద ఉంటారు. ఆ అధికారికి పైన హైదరాబాద్‌లో ప్రజారోగ్య సంచాలకులు. ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాలు వైద్య విధాన పరిషత్తువి. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో వచ్చిన చట్టంతో ఈ పరిషత్తు పుట్టింది. ఆసుపత్రులను డైరెక్టరేట్ ఫైళ్ల కింద నుంచి బయటికి లాగి, కొంత సొంత చేతి మీద నడిపించాలన్నది అప్పటి ఆలోచన. మూడోది వైద్య విద్యా సంచాలకుల గుమ్మం, అంటే కాలేజీ ఉన్న పెద్ద దవాఖాన.

కలెక్టర్ సమీక్ష పెట్టిన రోజు మూడు గుమ్మాల మనుషులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. జీతాలు, సెలవులు, బదిలీలు మాత్రం ఎవరి దారి వాళ్లదే. ఒకే పెంకుటింట్లో మూడు పొయ్యిలు పెట్టుకున్న అన్నదమ్ములు పండక్కి ఒక్కచోట కలిసినట్టు ఉంటుంది ఆ సమావేశం.

ఈ ఏర్పాటు ఈమధ్య మరీ వేగంగా కదిలింది. 2022 నవంబర్ 15న జగిత్యాలతో కలిపి ఎనిమిది చోట్ల, 2023 సెప్టెంబర్ 15న సిరిసిల్లతో కలిపి తొమ్మిది చోట్ల ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కాలేజీ వస్తే ఊళ్లో ఉన్న ఆసుపత్రి బోధనాసుపత్రి అవుతుంది, పరిషత్తు చేతిలోంచి వైద్య విద్య చేతిలోకి పోతుంది. ప్రొఫెసర్లు వచ్చారు, పీజీలు వస్తారు. ఒకప్పుడు కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పోతే తప్ప దొరకని స్పెషలిస్టు సిరిసిల్లలో దొరకడం మంచి సంగతే. అయితే కింది పీహెచ్‌సీకీ ఈ పెద్ద దవాఖానకూ మధ్య ఇంకో గుమ్మం పెరిగింది.

ఆ గుమ్మాలన్నీ దాటించేది ఒక చిన్న చీటీ. డాక్టర్లు దాన్ని రిఫరల్ అంటారు. ఊళ్లో అయితే "పై దవాఖానకు రాసిచ్చిండ్రు" అంటారు. పేరు, వయసు, బీపీ, రక్తం శాతం, కింద ఒక గీత, సంతకం. చీటీ పైకి పోతుంది. కిందికి రావడమే అరుదు. తాను పంపిన తల్లికి ఆపరేషన్ అయిందో, బిడ్డ బతికిందో పీహెచ్‌సీ నర్సుకు వారం తర్వాత ఆశ చెబితేనే తెలిసే సందర్భాలు ఎన్నో. మూడు గుమ్మాల మధ్య వాకిలి ఎవరి ఉద్యోగ వివరాల్లోనూ లేదు. దాన్ని రోజూ దాటేవాళ్లు నర్సులు, 108లో కూర్చునే టెక్నీషియన్లు, ఆశలు. నాయకత్వ బృందం జాబితాలో వాళ్ల పేర్లు కనబడవు. ఆ జాబితాలో పెద్ద లోపం అదే.

లెక్కలు చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. 2018-20 నమూనా నమోదు సర్వే ప్రకారం ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97, తెలంగాణలో 43. ఇది మామూలు గెలుపు కాదు. గర్భిణి పేరు నమోదు చేసుకునే ఏఎన్ఎం, బండెక్కించే ఆశ, 2017లో వచ్చిన కేసీఆర్ కిట్, మగబిడ్డయితే 12 వేలు, ఆడబిడ్డయితే 13 వేలు చొప్పున విడతలుగా ఇచ్చిన సాయం, ఇవన్నీ కాన్పును సర్కారు దవాఖాన వైపు తిప్పాయి. ఇదే రాష్ట్రంలో ఇంకో లెక్క ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెద్దాపరేషన్ కాన్పులు దేశమంతటా 21.5 శాతం ఉంటే తెలంగాణలో 60.7. దేశంలో అన్నిటికంటే ఎక్కువ. కరీంనగర్ జిల్లాలో అయితే 80 శాతం దాటింది. జనాభా మొత్తం మీద ఈ ఆపరేషన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గినట్టు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

కారణాలు ఒక్కచోట లేవు. నొప్పులంటే భయం, ప్రైవేటులో టైం లేకపోవడం, మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్న ఆనవాయితీ. వీటికి తోడు ముహూర్తం. పంచాంగం చూసి కోయించుకుంటే పుట్టిన పిల్లల్లో ఎందరు కలెక్టర్లయ్యారో ఇంతవరకు ఎవరూ లెక్క తీయలేదు.

అదే కరీంనగర్‌లో ఒక ఎదురు ప్రయత్నం జరిగింది. హైదరాబాద్‌లో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలో, మిడ్‌వైఫ్‌లకు అప్పటికే కొన్నేళ్లుగా శిక్షణ ఇస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్ ఆ ఆసుపత్రితో కలిసి 30 మంది సర్కారు స్టాఫ్ నర్సులను ఎంపిక చేసి 18 నెలల శిక్షణకు పంపాయి. వాళ్లు పనికి దిగిన తొలి చోట్లలో కరీంనగర్ ఒకటి. తెలుగులో ఈ వృత్తికి మంత్రసాని అని పాత పేరుంది. ఈ కొత్త మంత్రసానికి చదువు, లైసెన్సు, బల్ల మీద నొప్పుల తీరు గీసి చూసే పార్టోగ్రాఫ్ ఉంటాయి. తల్లి పక్కనే ఉంటుంది, నడవనిస్తుంది, నీళ్లు తాగనిస్తుంది, వెల్లకిలా పడుకోబెట్టకుండా ఆమెకు వీలైన తీరులో కాన్పు కానిస్తుంది. తన చేతిలో లేని కేసు ఏదో కూడా ఆమెకు తెలుసు, అప్పుడు డాక్టరును పిలుస్తుంది.

వినడానికి ఇది నర్సుల కథలా ఉంది కానీ నిజానికి డాక్టర్ల కథ. సాధారణ కాన్పును నర్సుకు వదిలి పక్కకు జరగడానికి సీనియర్ గైనకాలజిస్టు ఒప్పుకోవాలి. ఏళ్లుగా తన సంతకంతో నడిచిన లేబర్ రూములో ఇంకొకరి మాట చెల్లనివ్వాలి. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు విడుదల చేసేనాటికి తెలంగాణ ఈ పనిలోకి దిగి ఏడాది దాటింది. ఎవిటా ఫెర్నాండెజ్ లాంటివాళ్ల గొప్పతనం వాళ్లు చేసిన కాన్పుల లెక్కలో కంటే వదిలిపెట్టిన కుర్చీలో కనబడుతుంది.

కంటి వైద్యంలో ఇలా కుర్చీ వదలడం ఇంకా ముందే జరిగింది. 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు, దశాబ్దం తిరగకముందే 1996లో పాత ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో గ్రామీణ కేంద్రం పెట్టారు. ఆ తర్వాత దాని కింద దృష్టి కేంద్రాలు వచ్చాయి, సుమారు 50 వేల జనాభాకు ఒకటి. అక్కడ కూర్చునేది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఇంటర్ చదివి, ఏడాది శిక్షణ పొందిన యువతీ యువకులు. అద్దాలు తామే ఇస్తారు, శుక్లాలుంటే పైకి పంపుతారు. పైనా కిందా ఒకే సంస్థ కాబట్టి పంపిన మనిషి సంగతి తెలుసుకోవడం తేలిక. మూడు పొయ్యిల ఇంట్లో అంత తేలిక కాదు, ఒప్పుకోవాలి.

బోదకాలు మాత్రల సంగతీ ఇలాంటిదే. డీఈసీ మందు 1947లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంత పెద్ద బృందం కనిపెట్టిన మాత్ర పాత కరీంనగర్ జిల్లా ఊళ్లలో పంచేటప్పుడు ఆశ వర్కర్ గడపలో నిలబడి "నా ముందర మింగు అక్కా" అనకపోతే చూరులోకి పోతుంది.

ఈరోజు నర్సింగ్ పట్టాలతో బయటికి పోతున్నవాళ్లలో కొందరు పల్లె దవాఖానల్లో కూర్చుంటారు. సబ్‌సెంటర్‌కే మధ్యస్థాయి వైద్య సేవకులను ఇచ్చి ఆ పేరు పెట్టారు. బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకు అక్కడ చోటుంది. కొందరు పెద్ద దవాఖాన లేబర్ రూములోనూ, ఐసీయూలోనూ ఉంటారు. అంటే ఇదే తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఇకపై చీటీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. అటు జగిత్యాల, ఇటు సిరిసిల్ల. రక్తపరీక్షల విషయంలో ఇప్పటికే ఒక దారి పడింది. 2021 జూన్‌లో 19 జిల్లాల్లో తెరిచిన డయాగ్నొస్టిక్ హబ్‌లలో ఈ రెండు ఊళ్లూ ఉన్నాయి. పీహెచ్‌సీలో తీసిన రక్తం అక్కడికి పోతుంది, ఫలితం ఫోన్‌కు వస్తుంది. రక్తం ఫలితం తిరిగి రాగలిగినప్పుడు మనిషి సంగతి ఎందుకు రాకూడదు?

దానికి జీవో కోసం ఆగాల్సిన పని లేదు. తండా నుంచి ఆ రాత్రి పోయిన తల్లిని మూడో నాడు 102 బండిలో ఇంటికి పంపేటప్పుడు వార్డు నర్సు అరచేతంత కాగితం ఒకటి రాస్తే చాలు. కాన్పు ఎలా అయింది, బిడ్డ బరువెంత, రక్తం ఎక్కించారా, ఏ మాత్రలు ఎన్నాళ్లు, కుట్లు ఏ తేదీన తీయాలి. ఆ కాగితం తల్లి చేతికి, దాని ఫొటో పల్లె దవాఖాన నర్సు ఫోన్‌కు. కింద, రాసినవాళ్ల పేరు, ఫోన్ నంబరు.