పాల రూటుకు పాత బండి



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు సంఘాలవారు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. క్యాన్ల రూటుకు పాత టాటా 407 నమ్మకమా, పాత బొలేరో పికప్పా?

407 వచ్చింది 1986లో. బొలేరో పేరు విన్నది 2000లో. రెండింటికీ మన టౌన్లలో మెకానిక్కులున్నారు, సామాను దొరుకుతుంది. తేడా అంతా బరువులో ఉన్నది. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. 50 క్యాన్లయితే రెండు టన్నులు దాటె, క్యాన్ల తూకం అదనం. అది 407 పని. పాతిక క్యాన్ల రూటయితే పికప్పే మేలు, డీజిలు కలిసివస్తుంది. ఆర్.సి.లోని మొత్తం బరువులో నుండి ఖాళీ బండి బరువు తీసివేయండి, మోయదగినది తేలుతుంది.

ఒక సంఘంవారు కొత్త రంగు చూసి పికప్పు కొని 50 క్యాన్లు ఎక్కించారు. ఎండాకాలం, దారిలో యాక్సిల్ విరిగింది. పాలన్నీ విరిగిపోయినవి. ఆ పూట డబ్బు ఎవరివ్వాలన్నది మహాజన సభలో పెద్ద తగాదా అయినది. మేమూ అక్కడే కూర్చున్నాము.

కనుక తెల్లవారుజామున వెళ్ళి, ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చేయించండి. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించండి. తొట్టి కింద ఛాసిస్ తడమండి. పాలు, కడిగిన నీళ్ళు కారి తుప్పు పట్టేది అక్కడే. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఎఫ్.సి. ఏటేటా చేయించాలి, ఆ తేదీ చూడండి. ఫారం 29, 30 దాఖలై ఆర్.సి. సంఘం పేరుకు మారేవరకు ఆఖరి సొమ్ము చెల్లించవద్దు.