వాడ రోడ్డు – వాన నీళ్లు

(దళితవాడ కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



ఈరోజు రోడ్డు గురించి మాట్లాడతాను. రోడ్డులో ఉద్యమం ఏముంది మాస్టారూ అంటారేమో. నీళ్లున్న ప్రతిచోటా మన ఉద్యమం ఉంది. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ వేలమందితో నడిచారు. 1985 జులైలో కారంచేడులో ఏం జరిగింది? మాదిగపల్లె తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడిగి నీళ్లు పాడుచేస్తుంటే, ఇదేంటని అడిగారు. మున్నంగి సువార్తమ్మ ఎదురు నిలబడింది. మర్నాడు, 17వ తేదీన, ఆరుగురిని చంపారు. మంచినీళ్ల కోసం మనం కట్టిన వెల అది.

ఇప్పుడు మన వాడల్లో సిమెంటు రోడ్లు పడ్డాయి. బురద పోయింది, సంతోషమే. కానీ మట్టి తాగినట్టు సిమెంటు నీళ్లు తాగదు. రోడ్డు మీద రోడ్డు పోసి మెరక చేశారు, మన గుమ్మాలు పల్లంలో పడ్డాయి. వానొస్తే నీళ్లు ఇంట్లోకి. ఎండాకాలం అదే వాడలో బోరింగు కొడితే గాలి.

లెక్క చూడండి. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు బజారు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 15 వేల లీటర్లు. అదంతా మురిక్కాలవ పాలు.

నీళ్లు ఇంకే రోడ్డు కూడా వేయొచ్చు. అడుగున పెద్ద కంకర ఒక అడుగు మందం, దానిమీద చిన్న కంకర, ఆపైన చిప్స్. పైన సిమెంటు బిళ్లలు, మధ్యలో సందులు. సందుల్లో కూడా చిప్సే, సిమెంటు పూయకూడదు. కంకరలో పొడి లేకుండా కడిగి వాడాలి. నీళ్లు సందుల్లోంచి దిగుతుంటే మట్టి, చెత్త పైపొరలోనే ఆగిపోతాయి. రాళ్ల మధ్య ఖాళీ మూడో వంతు ఉంటుంది. అంటే ఆ బజారు కిందే దాదాపు 30 వేల లీటర్లు పడతాయి. నేల ఇంకేదైతే కిందికి వదలొచ్చు. నల్లరేగడి అయితే ఇంకదు. అక్కడ అడుగున మందమైన ప్లాస్టిక్ షీటు పరిచి, గొట్టం వేసి, భూమిలో కట్టిన తొట్టిలోకి తీసుకోవాలి.

అయితే ఇది మాయమంత్రం కాదు. కంకర మట్టిని ఆపుతుంది గానీ ఉప్పును, ఎరువు మందును ఆపదు. రోగం తెచ్చే క్రిములన్నీ పోవు. ఆ నీళ్లు గొడ్లు కడగడానికి, బట్టలకు, మరుగుదొడ్డికి. శుద్ధి చేయకుండా తాగొద్దు. తాగే బోరింగుకు దూరంగానే ఇంకనివ్వాలి. ట్రాక్టర్లు బురద చక్రాలతో తిరిగితే సందులు మూసుకుపోతాయి. ఊడ్చుకోవాలి, పైచిప్స్ అప్పుడప్పుడు మార్చుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఒకటుంది. చాలాచోట్ల ఊరు మెరకన, వాడ పల్లాన. ఊరి మురుగంతా మన బజారుకే వదులుతారు. ఆ మురుగు ఇంకే రోడ్డులోకి దిగితే మన భూగర్భం కూడా పాడవుతుంది. కాబట్టి ముందు ఊరి మురుగుకు వేరే దారి చూపించాలి. ఆ తర్వాతే రోడ్డు. ఇంజనీరు ఎస్టిమేట్లో ఈ మాట ఉండదు, అడగాల్సింది మనమే.

2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం పోరాడి సాధించుకున్నాం. మన పేరున వచ్చే డబ్బుతో ఏ రోడ్డు వేయాలో కాంట్రాక్టర్ ఎందుకు చెప్పాలి? గ్రామసభకు వాడంతా పోదాం. నీళ్లు మోసేది ఆడవాళ్లు, కాబట్టి ముందు వాళ్లు మాట్లాడాలి. మూడు తీర్మానాలు రాయిద్దాం. ఊరి మురుగు మా బజారుకు రాకూడదు. కొత్త రోడ్డు మా గుమ్మం కన్నా ఎత్తు పోయకూడదు. రోడ్డు కింద నిలిచే నీళ్ల మీద పెత్తనం వాడ కమిటీదే. సంతకాలు పెట్టించి నకలు తీసుకుందాం. నోటిమాట నమ్మి మోసపోయింది చాలు.

మన బజారులో పడిన వాన మన కాళ్ల కిందే నిలవాలి. జైభీమ్.