పీరియడ్ రాకపోతే ఆ రక్తం ఎక్కడికి పోతుంది?

ఇవాళ్టి టాపిక్ చూసి ఇయర్‌ఫోన్స్ వెతుక్కునేవాళ్లు ఉంటారు. పెట్టుకోండి, పర్లేదు. అబ్బాయిలూ, మీరు కూడా స్కిప్ చేయకండి. మాత్ర వేసుకునేది ఆవిడే అయినా పిల్లలు ఇప్పుడే వద్దనుకున్నది ఇద్దరూ కదా.

విషయం ఏంటంటే, గర్భం రాకుండా హార్మోన్ మాత్రలో, ఇంజెక్షనో మొదలుపెట్టాక చాలామందికి నెలసరి మారిపోతుంది. కొందరికి తక్కువగా అవుతుంది, కొందరికి మధ్యమధ్యలో మరకలు కనిపిస్తాయి, ఇంకొందరికి మొత్తానికే ఆగిపోతుంది. భయం అక్కడే మొదలవుతుంది.

మా పిన్ని కూతురు, నాకు అక్క అవుతుంది. ఇద్దరు పిల్లలు పుట్టాక ఊళ్లో పీహెచ్‌సీలో అంతర ఇంజెక్షన్ వేయించుకుంది. రెండో డోసు తర్వాత డేట్ రాలేదు. "చెడు రక్తమంతా లోపలే పేరుకుపోతోంది, గడ్డ కడుతుంది" అని వాళ్ల అత్తగారు కంగారుపడి మూడో డోసుకి వెళ్లనివ్వలేదు. పోనీ వేరే పద్ధతి ఏదైనా మొదలుపెట్టారా అంటే అదీ లేదు. ఏడాది తిరిగేసరికి మళ్లీ నెల తప్పింది. తర్వాత ఏం జరిగిందనేది ఆమె సొంత విషయం, నేను చెప్పను. కానీ ఆ "చెడు రక్తం" సంగతి మాత్రం తేల్చేద్దాం.

ప్రతి నెలా గర్భసంచి లోపల ఒక పొర మందంగా పెరుగుతుంది. దాన్ని పెంచేది ఈస్ట్రోజెన్. అండం విడుదలయ్యాక నిలబెట్టేది ప్రొజెస్టెరాన్. గర్భం రాకపోతే ఈ హార్మోన్లు పడిపోతాయి, పొర రాలిపోతుంది. అదే పీరియడ్. అంతరలో ఉండేది ప్రొజెస్టెరాన్ లాంటి మందు, మెడ్రాక్సీప్రొజెస్టెరాన్, మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాములు. అది అండం విడుదలని ఆపేస్తుంది, పొరని పలచగా ఉంచేస్తుంది. పొరే పెరగనప్పుడు రాలడానికి ఏముంటుంది చెప్పండి? లోపల ఏదీ పేరుకోవట్లేదు. ఇక చెడ్డది అంటారా, పీరియడ్‌లో వచ్చేది ఒంట్లో తిరిగే మామూలు రక్తమే, దాంతోపాటు ఆ పొర ముక్కలు.

మరి మొదట్లో మరకలెందుకు? పలచబడిన పొరలో సన్నటి రక్తనాళాలు బలహీనంగా ఉంటాయి, ఎప్పుడంటే అప్పుడు కొంచెం కొంచెం కారతాయి. అందుకే మొదటి నెలల్లో లెక్కాపత్రం లేకుండా అవుతుంది. ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి పీరియడ్స్ ఆగిపోతాయి. మానేస్తే మళ్లీ వస్తాయి, కాకపోతే టైమ్ పడుతుంది. చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భం రావడానికి సగటున 7 నుంచి 10 నెలలు. సగటు అంటున్నాను, గ్యారంటీ కాదు. కొందరికి చాలా ముందే వచ్చేస్తుంది.

ఇప్పుడు మాత్రలు. ప్రభుత్వం ఫ్రీగా ఇచ్చే మాలా-ఎన్ షీట్ తీసుకోండి. 28 మాత్రలు. అందులో హార్మోన్ ఉన్నవి 21, మిగతా 7 ఉత్త ఐరన్ మాత్రలు. ఐరన్ మాత్రల్లోకి రాగానే హార్మోన్ ఆగుతుంది, రక్తం కనిపిస్తుంది. నెలనెలా టంచనుగా వస్తోందని మనం సంతోషపడతాం గానీ, అండమే విడుదల కాలేదు కాబట్టి అది అసలు పీరియడ్ కాదు. షీట్ డిజైన్ వల్ల వచ్చే బ్లీడింగ్! 1960లో అమెరికాలో మాత్రకి అనుమతి వచ్చినప్పటి నుంచీ ఈ విరామం అలవాటుగా వస్తోంది. దానివల్ల ఆరోగ్యానికి ప్రత్యేకంగా లాభమేమీ లేదని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2019లో చెప్పాయి. అలాగని మీరే విరామం ఎత్తేయకండి, డాక్టర్‌ని అడిగి చేయండి.

ఇదే లాజిక్ మన ఇళ్లలో ఎప్పటినుంచో వాడుతున్నాం. పెళ్లికో, వ్రతానికో, తిరుపతి ప్రయాణానికో డేట్ వెనక్కి జరపడానికి నోరెథిస్టిరాన్ మాత్రలు తెచ్చుకోవట్లేదా? ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డేట్ జరపడానికి అలా వాడే మాత్ర గర్భాన్ని ఆపుతుందని నమ్ముకోకూడదు. కొత్తగా పెళ్లయినవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్నా డేట్ కొన్ని రోజులు అటూఇటూ అవుతుంది. వారం దాటినా రాకపోతే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. రోజూ వేసుకునే మాత్రలు మధ్యలో మర్చిపోయి, ఐరన్ మాత్రలప్పుడు రక్తం కనిపించకపోయినా అంతే, టెస్ట్. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకి ఈ మాత్రలు సరిగ్గా పనిచేయవు, ముందే చెప్పండి.

గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతుంటే, కింది కడుపులో విపరీతంగా నొప్పి వస్తుంటే ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడుతూ ఒక కాలి పిక్క వాచినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా వెంటనే వెళ్లాలి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. గడ్డ అని భయపడితే దీనికి భయపడాలి, పీరియడ్ రానందుకు కాదు.

అంతర వాడేవాళ్లు డోసు తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. రెండు వారాలు ముందైనా, నాలుగు వారాలు ఆలస్యమైనా వేస్తారు. అంతకన్నా లేటయితే గర్భం లేదని చూసి వేస్తారు. నచ్చలేదా, మానేయండి, అది మీ ఇష్టం. కానీ మానేసేలోపు ఇంకో పద్ధతి చేతిలో పెట్టుకోండి.

వచ్చే వారం కాపర్-టీ. అందులో హార్మోన్ లేదు, అక్కడ కథ రివర్స్, చాలామందికి పీరియడ్స్ పెరుగుతాయి. ఎందుకో అప్పుడు చెప్తా. బై!