పురుగుమందు కేసు ఏ డిపార్ట్‌మెంటుది?

ఒకే పరిశోధకుడి పేరు కింద మెడిసిన్, సర్జరీ, సైకాలజీ మూడూ కనిపిస్తే ఇదేం కలగాపులగం అనిపిస్తుంది. వరంగల్ పత్తి చేల మధ్య పెరిగినవాళ్లకు అలా అనిపించదు. పురుగుమందు తాగిన మనిషికి విరుగుడు ఇచ్చేది ఫిజీషియన్. రోజుల తరబడి వెంటిలేటర్ తప్పకపోతే గొంతు దగ్గర గాలిదారి తెరిచేది సర్జన్. ప్రాణం దక్కాక అసలు గోడు వినాల్సింది మానసిక వైద్యుడు.

వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా ఉన్న రికార్డులను పరిశోధకులు తిరగేసి, 2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చేశారు. ఆరేళ్లలో పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8040 మంది. నూటికి 22 మందికి పైగా చనిపోయారు. 2002లో వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులు 30 ఏళ్లలోపువాళ్లే! అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించింది మరొకటి: అదనపు వనరులు లేకున్నా, విరుగుడు మోతాదు సరిచూసుకుని, మరీ విషపు మందులను కట్టడి చేస్తే మరణాలు తగ్గించవచ్చని వాళ్లు రాశారు. ఆ అధ్యయనంలో ప్రస్తావించిన ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును 2011లో సుప్రీంకోర్టు ఆపింది.

గోడు వినడానికి ఇప్పుడు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.