ఎముక గుర్తుపట్టే పూత

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చేసే పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లోహం మీద పింగాణీ జాతి పదార్థాన్ని పలుచటి పూతగా వేయడం నా పని. తుంటి కీలు మార్చినప్పుడు తొడ ఎముకలోకి ఒక లోహపు కాడ దింపుతారు. ఆ కాడను ఎముక పట్టుకునేలా చేసేది ఆ పూత.

ఈ పాఠం నాకు మొదలైంది ఈ బడిలోనే. ఎనిమిదో తరగతిలో సైన్సు సార్ మమ్మల్ని వరసగా నిలబెట్టి పళ్ళు చూపించమన్నారు. సగం మంది పళ్ళ మీద గోధుమరంగు చారలు. మన నల్లగొండ బావుల్లోని ఫ్లోరైడు పళ్ళలోకి, ఎముకల్లోకి ఎలా చేరుతుందో చెప్పి, "ఎముక రాయి కాదురా, ఒంట్లోని నీళ్ళతో ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది" అన్నారు. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఆ ఖనిజాన్ని హైడ్రాక్సీ అపటైట్ అంటారు. అందులోని హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడు దూరుతుంది. మన ఊళ్ళలో నడుములు వంచింది ఈ ఇచ్చిపుచ్చుకునే గుణమే. దాన్నే మంచికి వాడుకోవచ్చని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

మా అమ్మ తుంటి విరిగినప్పుడు కొత్త కీలును ఎముక సిమెంటుతో బిగించారు. అది పళ్ళ సెట్టుకు వాడే అక్రిలిక్ జాతిదే. జిగురులా అంటుకోదు, సందుల్లో నిండి గట్టిపడుతుంది. ఎముక బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళకు ఇప్పటికీ చాలామంది డాక్టర్లు దాన్నే ఎంచుకుంటారు. అమ్మకు మాత్రం పన్నెండేళ్ళకు కాడ వదులైంది. రెండోసారి సిమెంటు లేకుండా, తెల్లటి పూత ఉన్న టైటానియం కాడ పెడతామన్నారు. ఆపరేషన్ ముందు రోజు అమ్మ అడిగింది: "నువ్వు జేసే పూతసొంటిదేనా? ఈసారి ఊడదు గద బిడ్డా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో చెబుతాను.

ఒంట్లోకి పరాయి వస్తువు వస్తే శరీరం దాని చుట్టూ పీచులాంటి పొర కట్టి వేరుచేస్తుంది. 1967లో అమెరికాలో ల్యారీ హెంచ్ అనే శాస్త్రవేత్త బస్సులో వెళ్తుంటే, వియత్నాం నుంచి వచ్చిన ఒక కల్నల్ పక్కన కూర్చుని, శరీరం కాదనని పదార్థం చేయలేరా అని అడిగాడు. ఎముకకు తెలిసిన ఖనిజాన్ని తన మీద తానే పుట్టించుకునే పదార్థమైతే శరీరం ఒప్పుకుంటుందని హెంచ్ ఊహించాడు. 1969లో సిలికా, సోడియం, కాల్షియం, ఫాస్ఫరస్ ఆక్సైడ్లతో ఒక గాజు చేశాడు. ఎలుక ఎముకల్లో పెట్టి ఆరు వారాల తర్వాత లాగితే అది ఊడిరాలేదు.

గాజు, పింగాణీ పెళుసు. ఒంటి బరువు మోయలేవు. అందుకని లోపల లోహం, పైన పూత. 1980ల నడుమ యూరప్‌లో హైడ్రాక్సీ అపటైట్ పూత ఉన్న తుంటి కాడలు వాడకంలోకి వచ్చాయి. తాపీ మేస్త్రీ నున్నటి పిల్లర్‌కు గాట్లు పెట్టాకే ప్లాస్టరింగ్ చేస్తాడు కదా! మేమూ లోహాన్ని ముందు గరుకు చేస్తాం. తర్వాత ప్లాస్మా మంటలోంచి పొడిని చిమ్ముతాం. సగం కరిగిన రేణువులు లోహానికి కొట్టుకుని అతుక్కుంటాయి.

ఒంట్లోకి వెళ్ళగానే రక్తంలోని ప్రోటీన్లు పూత మీద చేరతాయి. ఎముక కణాలు పట్టుకునేది ఆ ప్రోటీన్లనే. ఈలోపు పూత పైభాగం కొంచెం కరిగి కాల్షియం, ఫాస్ఫేటు వదులుతుంది. అవే తిరిగి పేరుకుని ఎముకలాంటి కొత్త ఖనిజపు పొర అవుతాయి. కణాలు దాని మీద కొల్లాజెన్ పరిచి, ఖనిజం నింపి, ఎముక కడతాయి. పాత ఎముక అటునుంచి, కొత్త ఎముక ఇటునుంచి పెరిగి కలుస్తాయి. ఆ తొలి వారాల్లో కాడ కదలకూడదు. కదలిక 150 మైక్రాన్లు దాటితే ఎముకకు బదులు పీచు పొర ఏర్పడుతుంది.

ఇక నా తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మందంగా వేస్తే గట్టిగా ఉంటుందనుకుని 300 మైక్రాన్ల పూత వేశాను. పరీక్షలో పాతగోడ సున్నంలా పెచ్చులూడింది. చల్లారేటప్పుడు లోహం, పింగాణీ ఒకేలా కుంచించుకోవు. మందం పెరిగిన కొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. పొడి మరీ వేడెక్కినా చిక్కే, ఖనిజం విరిగి ఒంట్లో తొందరగా కరిగిపోతుంది. ఆ పెచ్చులు చేత్తో ఏరినవాణ్ణి. ఊడదని అమ్మకు మాటెలా ఇవ్వను?

చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అమ్మా, పూత పట్టి ఉంచదు. పట్టుకోవాల్సింది నీ ఎముకే. ఇది పరాయిది కాదని పూత దానికి తెలిసేలా చేస్తుంది, అంతే."

"అంటే పట్టుకునేది నేనేనన్నట్టు" అంది. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ కాలు మీద బరువు మోపలేదు. వాకర్ వదలమన్నాకే వదిలింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆ కాలితోనే నడిచింది. పోయిన ఏడాది వెళ్ళిపోయింది. కాడ మాత్రం చివరిదాకా కదల్లేదు.

మనలో చాలామందికి కీళ్ళ మార్పిడి వయసు వచ్చింది. సిమెంటుతోనా, లేకుండానా, ఎందుకని డాక్టరును అడగండి. లోపల పెట్టిన కీలు వివరాల కాగితం దాచుకోండి. బరువు మోపొద్దన్న రోజుల్లో మోపకండి.

ఆ రోజు మా పళ్ళు చూపించమన్న సార్ ఇవాళ మొదటి వరసలో కూర్చున్నారు. సార్, ఎముక రాయి కాదన్న మాట మీదే నేను ఇన్నాళ్ళూ బతికాను.